ఎన్‌హెచ్‌ఎల్ డిఫెన్స్‌మన్: కాంట్రాక్టు లెక్కలు, ఆటలో మెలకువలు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ హాకీ అంటే ఐస్ హాకీ. లీగ్ అంటే అమెరికా, కెనడాల్లో 32 జట్లతో నడిచే ఎన్‌హెచ్‌ఎల్. గోల్ పడకుండా కాచే వెనక వరుస ఆటగాడు డిఫెన్స్‌మన్. అతని గురించి మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు రెండు రకాలు: అతనికి అంత డబ్బు ఎందుకిస్తున్నారు, అసలు అతను మంచు మీద ఏం చేస్తున్నాడు. ఒకటి తెలియకపోతే రెండోది సగమే అర్థమవుతుంది కాబట్టి రెండింటినీ ఒకేచోట పెట్టాం. ప్రశ్నలు ఆటగాడి కెరీర్ నడిచే వరుసలో ఉన్నాయి. మీకు కావలసిన ప్రశ్నకు నేరుగా వెళ్లిపోవచ్చు. జీతాలన్నీ అమెరికన్ డాలర్లలోనే, కెనడా జట్లవి కూడా. నిబంధనలు 2025-26 సీజన్ నాటివి.

## మొదటి సంతకం

డ్రాఫ్ట్‌లో పేరు పిలిచారంటే ఉద్యోగం వచ్చేసినట్టేనా?

కాదు. డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకోవడం) వల్ల క్లబ్‌కు దక్కేది ఆ కుర్రాడితో బేరమాడే హక్కు మాత్రమే. సంతకం పడేదాకా జీతం లేదు. ఏడు రౌండ్లలో ఎంపికైనవాళ్లలో చాలామంది ఎన్‌హెచ్‌ఎల్ గుమ్మం తొక్కకుండానే ఉండిపోతారు. డిఫెన్స్‌మన్‌కు ఈ ఎదురుచూపు ఇంకాస్త ఎక్కువ. ఫార్వర్డ్ (దాడి చేసే ఆటగాడు) చేతిలోంచి పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) పోతే సర్దుకోడానికి వెనక మనుషులుంటారు, డిఫెన్స్‌మన్ చేతిలోంచి పోతే వెనక మిగిలేది గోలీ (గోల్ కీపర్) ఒక్కడే. అందుకే కోచ్‌లు అతన్ని తొందరపడి దించరు.

ఎంట్రీ లెవెల్ కాంట్రాక్టు ఎన్నేళ్లు, ఎంత వస్తుంది?

ఎన్నేళ్లన్నది బేరం మీద కాదు, వయసు మీద ఆధారపడుతుంది. 18 నుంచి 21 మధ్య సంతకం చేస్తే మూడేళ్లు, 22–23 అయితే రెండేళ్లు, 24 అయితే ఏడాది. 2024, 2025 డ్రాఫ్టుల్లో ఎంపికైనవాళ్లకు ఏడాదికి గరిష్ఠం 9.75 లక్షల డాలర్లు. అందులో సంతకం బోనస్ 10 శాతం దాటకూడదు.

పైగా ప్రతిభ బోనస్‌లు ఉంటాయి. డిఫెన్స్‌మన్‌కు పెట్టే లక్ష్యాలు చూడండి: 10 గోల్స్, 25 అసిస్టులు (గోల్‌కు దారితీసిన పాస్‌లు), 40 పాయింట్లు (గోల్స్, అసిస్టులు కలిపి), జట్టు డిఫెన్స్‌మెన్‌లో మంచు మీద గడిపిన సమయంలో మొదటి నలుగురిలో ఉండటం, అడ్డుకున్న షాట్లలో మొదటి ఇద్దరిలో ఉండటం. కుర్రాడికి ఇచ్చే మొదటి కాగితంలోనే గోల్స్, పాయింట్ల పక్కన ఆడిన నిమిషాలకూ విలువ కట్టారన్నమాట.

"కాంట్రాక్టు స్లయిడ్ అయింది" అంటారు, ఏమిటది?

18 లేదా 19 ఏళ్ల ఆటగాడు సంతకం చేసి, ఆ సీజన్లో పదికంటే తక్కువ ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడితే ఆ ఏడాది లెక్కలోకి రాదు. మూడేళ్ల ఒప్పందం మొత్తంగా ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. పదో మ్యాచ్ ఆడాడంటే మొదటి ఏడాది ఖర్చయినట్టే. తొమ్మిది మ్యాచ్‌లు ఆడిన కుర్రాణ్ని హఠాత్తుగా జూనియర్ జట్టుకు పంపేస్తే కారణం చాలాసార్లు ఆట కాదు, ఈ లెక్క.

వన్-వే కాంట్రాక్టు ఉంటే కిందిస్థాయి లీగ్‌కు పంపలేరు కదా?

పంపగలరు. ఇంతగా పాతుకుపోయిన అపోహ ఇంకొకటి లేదు. వన్-వే, టూ-వే తేడా జీతంలోనే: టూ-వే అయితే ఏహెచ్‌ఎల్‌లో (ఎన్‌హెచ్‌ఎల్ కిందిస్థాయి లీగ్) ఆడినన్నాళ్లు తక్కువ జీతం, వన్-వే అయితే ఎక్కడ ఆడినా అదే జీతం. పంపేటప్పుడు అడ్డుపడేది వేవర్స్. మినహాయింపు వయసు, మ్యాచ్‌ల సంఖ్య దాటిన ఆటగాణ్ని కిందికి పంపాలంటే ముందు 24 గంటలు వేవర్స్‌లో పెట్టాలి. ఆలోగా మరో జట్టు అతన్ని కాంట్రాక్టుతో సహా తీసుకోవచ్చు. ఎవరూ తీసుకోకపోతే కిందికి వెళ్తాడు. అప్పుడు కూడా క్యాప్‌లోంచి (జట్టు మొత్తం జీతాల మీద లీగ్ పెట్టిన పరిమితి) తగ్గేది 11.5 లక్షల డాలర్లే (కనీస జీతం 7.75 లక్షలు, దానిమీద 3.75 లక్షలు). మిగతాది జట్టు లెక్కలోనే ఉంటుంది.

## జట్టులో చోటు నిలబెట్టుకోవడం

గ్యాప్ అంటే సరిగ్గా ఎంత దూరం?

పక్‌తో వస్తున్నవాడికీ డిఫెన్స్‌మన్‌కూ మధ్య ఉండే దూరం గ్యాప్. మీ బ్లూ లైన్ (మీ జోన్ హద్దు గీత) దగ్గరికి వచ్చేసరికి అది ఒక స్టిక్ పొడవు, ఇంకాస్త ఉంటే చాలు. రెండు స్టిక్‌ల దూరం వదిలేస్తే అతను లైన్ దాటి, తల ఎత్తి, మిమ్మల్నే తెరగా వాడుకుని షాట్ కొడతాడు. మరీ దగ్గరైతే ఒక్క కదలికతో పక్కనుంచి వెళ్లిపోతాడు.

చాలామంది గ్యాప్ పాడుచేసుకునేది బ్లూ లైన్ దగ్గర కాదు, అంతకు చాలాముందు. మన జట్టు దాడిలో ఉన్నప్పుడు డిఫెన్స్‌మన్ చూస్తూ నిలబడిపోతాడు. పక్ చేతులు మారగానే కంగారుపడి వెనక్కి పరుగు తీస్తాడు. చేయాల్సింది దానికి పూర్తిగా విరుద్ధం: ముందు రెండు అడుగులు ఎదురెళ్లి దూరం తగ్గించాలి, తర్వాత అతని వేగానికి సరిపడా వెనక్కి స్కేట్ చేయాలి. వెనక్కి వెళ్లే వేగం చాలదనుకున్నవాడు ముందుగానే పారిపోతాడు. కాబట్టి గ్యాప్ సమస్యలో సగం కాళ్ల సమస్యే.

ఒకరి మీద ఒకరుగా వస్తున్నప్పుడు ఎటు చూడాలి?

ఛాతీ మీది జట్టు గుర్తు వైపు. పక్, చేతులు, భుజాలు అబద్ధమాడతాయి, మొండెం ఆడలేదు. స్టిక్ ఒక చేత్తో, బ్లేడు మంచు మీద, మోచేయి కాస్త వంచి పట్టుకోవాలి. చేయి పూర్తిగా చాచి ఉంచితే ఎంతదూరం అందుతుందో అతనికి ముందే తెలిసిపోతుంది. వంచి ఉంచి, అతను పక్‌ను శరీరానికి దూరంగా పెట్టిన క్షణంలో చాచాలి.

నిలబడాల్సింది రెండు ఫేస్-ఆఫ్ చుక్కల (ఆట తిరిగి మొదలుపెట్టే గుర్తులు) మధ్య. వాటి మధ్య దూరం 44 అడుగులు, ప్రమాదమంతా ఆ పట్టీలోనే. లోపలి దారి మూసేసి బోర్డుల (రింక్ చుట్టూ ఉన్న గోడ) వైపు తోవ వదలాలి. అన్నిటికంటే ఖరీదైన పొరపాటు తొందరపడి కాళ్లు క్రాస్ చేయడం: కాళ్లు బయటివైపు ముడిపడగానే అతను లోపలికి కోస్తాడు, ఇక మీరు తిరగలేరు. అతని భుజం మీ భుజానికి సమంగా వచ్చాకే బోర్డుల వైపు తిరగండి.

మూలలో పడ్డ పక్‌ను తీయడానికి వెళ్తే ఎప్పుడూ దెబ్బ తినాల్సిందేనా?

వెనక్కి చూడకుండా వెళ్తే అంతే. పక్ కోసం తిరిగేటప్పుడు ఒకసారి, అందుకోడానికి రెండు మూడు అడుగుల ముందు ఇంకోసారి భుజం మీదుగా చూడాలి. మొదటి చూపులో ఎంతమంది వస్తున్నారో తెలుస్తుంది, రెండో చూపులో ఎటువైపు నుంచో తెలుస్తుంది. నేరుగా గోడకేసి కాకుండా వంపుగా వెళ్తే పక్ అందేసరికి కాళ్లు బయటికి వెళ్లే దిశలో ఉంటాయి.

తర్వాతి పని అరుపుల మీద నడుస్తుంది. జోడీ ఆటగాడు, గోలీ ఒక్క మాటలో చెప్పాలి: "వీల్" అంటే పక్‌తో నెట్ వెనకనుంచి చుట్టి వెళ్లు, "రివర్స్" అంటే వచ్చిన దారికే వెనక్కి వదులు, "ఓవర్" అంటే అవతలి మూలలో ఉన్న జోడీకి ఇవ్వు, "రిమ్" అంటే గోడ వెంట గట్టిగా కొట్టు. అరుపు లేని జట్టులో మంచి డిఫెన్స్‌మన్ కూడా తడబడతాడు. దెబ్బ తప్పదనిపిస్తే గోడకు పూర్తిగా ఆనుకోండి. గోడకు మూడు నాలుగు అడుగుల దూరంలో వెన్ను చూపి నిలబడటమే అన్నిటికంటే ప్రమాదం.

ఎడమచేతి షాట్, కుడిచేతి షాట్ తేడాకు అంత గోల ఎందుకు?

ఎడమ షాట్ ఆటగాడు ఎడమవైపు ఉంటే గోడ వెంట వచ్చే పక్ ఫోర్‌హ్యాండ్ మీదికే వస్తుంది. బయటికి పాస్ ఇవ్వడం, బ్లూ లైన్ దగ్గర పక్‌ను లోపలే ఆపడం తేలిక. అదే అతన్ని కుడివైపు పెడితే ఈ పనులన్నీ బ్యాక్‌హ్యాండ్ మీద చేయాలి. బదులుగా వన్-టైమర్‌కు (వచ్చిన పక్‌ను ఆపకుండానే కొట్టే షాట్) మంచి కోణం దొరుకుతుంది, అంతే. లీగ్‌లో కుడి షాట్ డిఫెన్స్‌మెన్ తక్కువ, ప్రతి జట్టూ మూడు జోడీల్లోనూ ఒక్కొక్కరు కావాలనుకుంటుంది. ఒకే స్థాయి ఆటగాళ్లలో కుడిచేతివాడికి బేరంలో పైచేయి రావడానికి ఇదే కారణం.

స్టిక్ ఎంత పొడవుంటే మంచిది?

నిబంధన ప్రకారం మడమ నుంచి కొస దాకా గరిష్ఠం 63 అంగుళాలు. 6 అడుగుల 6 అంగుళాలు, అంతకు మించిన ఎత్తున్నవాళ్లకు అనుమతితో 65 దాకా ఉంది. 6 అడుగుల 9 అంగుళాల జ్డెనో చారా వాడింది అలాంటిదే. పొడవు పెరిగితే అందే దూరం పెరుగుతుంది, కాళ్ల దగ్గర పక్‌ను ఆడించడం కష్టమవుతుంది. స్కేట్స్ వేసుకుని నిలబడితే గడ్డం దగ్గరికి వచ్చే స్టిక్‌తో మొదలుపెట్టి, అవసరాన్నిబట్టి కాస్త కాస్త కోసుకోవడం నయం.

ఎక్కువగా పడే పెనాల్టీలు ఏవి, ఎలా తప్పించుకోవాలి?

హుకింగ్ (స్టిక్‌తో లాగడం), హోల్డింగ్ (చేత్తో పట్టుకోవడం), ట్రిప్పింగ్ (కాళ్లకు అడ్డం పెట్టి పడేయడం): మూడింటికీ మూలం కాళ్లు ఆగిపోవడం. కాళ్లు ఆగినప్పుడే చేతులు పనిలోకి దిగుతాయి. స్టిక్ నేలకు సమాంతరంగా ఎదుటివాడి చేతుల మీదికి వచ్చిందంటే రిఫరీ చెయ్యి లేస్తుంది. ఖాళీ చేతిని అతని ఒంటికి దూరంగా పెట్టండి. మన జోన్‌లోంచి పక్‌ను నేరుగా రింక్ చుట్టూ ఉన్న గాజు మీదుగా బయటికి కొట్టినా రెండు నిమిషాలు బయట కూర్చోవాల్సిందే. ఒత్తిడిలో గాజుకు కొట్టాలనుకుంటే పైకి కాదు, గాజు సగం ఎత్తుకు గురిపెట్టాలి.

## రెండో కాంట్రాక్టు

రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అంటే స్వేచ్ఛ ఉన్నట్టా, లేనట్టా?

సగం సగం. మొదటి కాంట్రాక్టు ముగిశాక క్లబ్ అతనికి క్వాలిఫయింగ్ ఆఫర్ (నిబంధన ప్రకారం ఇవ్వాల్సిన కనీస ప్రతిపాదన) ఇస్తే హక్కులు దానివద్దే ఉంటాయి. ఇవ్వకపోతే అతను పూర్తి స్వేచ్ఛాజీవి. ఆఫర్ ఇచ్చాక ఆటగాడి చేతిలో ఉండేవి మూడు: సంతకం చేయకుండా కూర్చోవడం, అర్హత వచ్చి ఉంటే జీతం తేల్చే మధ్యవర్తిత్వానికి వెళ్లడం, మరో జట్టు ఆఫర్ షీట్ మీద సంతకం పెట్టడం.

ఆఫర్ షీట్ ఎలా పనిచేస్తుంది? అంకెలు అంత విచిత్రంగా ఎందుకుంటాయి?

మరో జట్టు ఆఫర్ షీట్ మీద ఆటగాడు సంతకం చేస్తే పాత జట్టుకు ఏడు రోజుల గడువు. అదే మొత్తానికి అతన్ని ఉంచుకోవాలి, లేదా వదిలేసి డ్రాఫ్ట్ పిక్స్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతులు) తీసుకోవాలి. ఎన్ని పిక్స్ అన్నది సగటు మొత్తాన్ని బట్టి, తరగతుల వారీగా ఉంటుంది.

2024 ఆగస్టులో సెయింట్ లూయిస్ బ్లూస్ ఎడ్మంటన్ డిఫెన్స్‌మన్ ఫిలిప్ బ్రోబర్గ్‌కు రెండేళ్లకు ఆఫర్ ఇచ్చింది, సగటు 45,80,917 డాలర్లు. అది ఒక రెండో రౌండ్ పిక్‌తో సరిపోయే తరగతికి చిట్టచివరి డాలర్. ఇంకొక్క డాలర్ పెంచితే పరిహారం పెరిగిపోయేది. క్యాప్ బిగుసుకుపోయిన ఎడ్మంటన్ అతన్ని వదులుకుంది. అంతకుముందు 2012లో ఫిలడెల్ఫియా షే వెబర్‌కు 14 ఏళ్లకు 11 కోట్ల డాలర్ల ఆఫర్ పెడితే, నాష్‌విల్ అంతా ఇచ్చి మరీ ఉంచుకుంది.

మధ్యవర్తి ముందు ఏం చూపిస్తారు? వీడియో వేసి చూపిస్తారా?

వీడియో పనికిరాదు, పత్రికల కథనాలు పనికిరావు, జట్టు ఆర్థిక పరిస్థితి, క్యాప్ లెక్కలు విచారణలోకే రావు. పనికొచ్చేవి అధికారిక గణాంకాలు, ఆడిన మ్యాచ్‌లు, గాయాలు, సర్వీసు కాలం, పోల్చదగ్గ ఆటగాళ్ల జీతాలు. పోల్చే ఆ జీతాలు కూడా పూర్తి స్వేచ్ఛ వచ్చాక కుదుర్చుకున్నవి కాకూడదు.

డిఫెన్స్‌మన్‌కు ఇక్కడే చిక్కు. బ్లూ లైన్ దగ్గరే దాడిని చంపేసినవాడి పని ఏ పట్టికలోనూ పడదు, ఎందుకంటే అక్కడ ఏమీ జరగలేదు. పాయింట్లు మాత్రం పడతాయి. అందుకే గోల్స్ ఆపేవాడి తరఫు ఏజెంట్ ఎక్కువగా నమ్ముకునేది మంచు మీది నిమిషాలను, పెనాల్టీ వల్ల జట్టులో ఒక మనిషి తక్కువగా ఉన్నప్పుడు ఆడిన నిమిషాలను. కోచ్ ఎవర్ని నమ్మాడో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

చిన్న బ్రిడ్జ్ ఒప్పందం మేలా, పొడవైనది మేలా?

తన మీద నమ్మకం ఉన్నవాడికి బ్రిడ్జ్, భద్రత కావాలనుకున్నవాడికి పొడవు. పి.కె. సుబాన్ 2013 జనవరిలో మాంట్రియల్‌తో రెండేళ్లకు 57.5 లక్షలకే సంతకం చేశాడు. ఆ సీజన్లోనే ఉత్తమ డిఫెన్స్‌మన్‌కు ఇచ్చే నోరిస్ ట్రోఫీ గెలిచాడు. 2014లో ఎనిమిదేళ్లకు 7.2 కోట్లు అందుకున్నాడు. బేరం పిసినారితనంతో మొదలైతే చివరికి క్లబ్బే ఎక్కువ కట్టింది. కేల్ మకార్ 2021లో ఆరేళ్లకు 5.4 కోట్లు తీసుకున్నాడు. క్యాప్ ఎదిగేకొద్దీ ఏడాదికి 90 లక్షలు కొలరాడోకు చవకబేరంగా మారింది.

## ఎక్కువ నిమిషాలు ఆడే దశ

ఇద్దరు వస్తున్నారు, నేనొక్కణ్నే ఉన్నాను. ఎవర్ని ఆపాలి?

పాస్‌ను. షాట్ గోలీ బాధ్యత. మధ్యలో ఉంటూ, కాస్త పక్ ఉన్నవాడి వైపు ఒరిగి, స్టిక్‌ను పాస్ దారిలో మంచుకు ఆనించి ఉంచాలి. వెనక్కి వెళ్తూ కాలయాపన చేయడమే సగం విజయం, ఆలోగా మనవాడు ఒకడు తిరిగొస్తాడు. పక్ ఉన్నవాడి మీదికి దూకితే ఖాళీ నెట్‌లోకి ఒక తట్టుతో పని ముగుస్తుంది. నేలమీద పడి జారడం చిట్టచివరి ఆయుధం. ముందే పడుకుంటే అతను ఒక క్షణం ఆగి, మీ మీదుగా పక్ లేపి ఇచ్చేస్తాడు.

నెట్ ముందు నిలబడ్డవాణ్ని ఎలా కదిలించాలి?

కదిలించాల్సిన పని లేదు. అతన్ని బరువుతో నెట్టి గెలవడం కష్టం, క్రాస్-చెక్ (స్టిక్‌ను రెండు చేతులతో అడ్డంగా పట్టి నెట్టడం) చేస్తే రెండు నిమిషాల పెనాల్టీ. షాట్ రాకముందే అతనికీ నెట్‌కూ మధ్య లోపలి స్థానం పట్టుకోండి. షాట్ బయల్దేరిన క్షణంలో అతని స్టిక్‌ను కిందనుంచి పైకి లేపండి. స్టిక్ లేని మనిషి నెట్ ముందు ఉన్నా లేనట్టే. ముందే స్టిక్ పట్టుకుంటే విడిపించుకుంటాడు, ఆలస్యమైతే పక్ అప్పటికే తగిలి ఉంటుంది. మీరు గోలీకి అడ్డుగా నిలబడితే ఇదంతా వృథా.

షాట్‌కు అడ్డుపడాలా, తప్పుకోవాలా?

రెండింట్లో ఒకటి, సగం సగం వద్దు. కొట్టేవాడికి దగ్గరగా ఉంటే పక్ లేవకముందే ముందుకెళ్లి, ఎదురుగా మోకాలు వేసి, కాళ్ల మధ్య సందు మూసేయాలి. పక్కకు తిరిగితే ప్యాడ్ లేని పిక్క, మడమ వెనకభాగం బయటపడతాయి. మధ్య దూరంలో చిక్కుకుంటే పక్కకు తప్పుకుని గోలీకి చూపు ఇవ్వడమే ఉపకారం.

పించ్ ఎప్పుడు చేయాలి?

ప్రత్యర్థి జోన్‌లో గోడ వెంట వస్తున్న పక్ కోసం డిఫెన్స్‌మన్ ముందుకు దూకడమే పించ్. మూడు షరతులు కుదరాలి: మన మూడో ఫార్వర్డ్ బ్లూ లైన్ వైపు పైన ఉండి ఖాళీ చూసుకుంటున్నాడు, ప్రత్యర్థి వింగర్ (పక్కవైపు ఆడే ఫార్వర్డ్) పక్ కోసం గోడవైపు తిరిగి ఉన్నాడు, మీరు పక్‌తోపాటో ముందో అక్కడికి చేరగలరు. ఒక్కటి లేకపోయినా వెనక్కి రండి. పోయి మధ్యలో మనసు మార్చుకునేవాడే ఇద్దరు ఒకరి మీదికి వచ్చే దాడులను పుట్టిస్తాడు.

## పూర్తి స్వేచ్ఛ వచ్చాక

ఏ వయసుకు ఎవరితోనైనా సంతకం చేయొచ్చు?

27 ఏళ్లు నిండినా, ఏడు సీజన్లు జమ అయినా, ఏది ముందైతే అది. సీజన్ జమ కావాలంటే కనీసం 40 మ్యాచ్‌లకు జట్టు జాబితాలో ఉండాలి. మార్కెట్ జులై 1న తెరుచుకుంటుంది. సొంత జట్టుతో అయితే గరిష్ఠం 8 ఏళ్లు, కొత్త జట్టుతో 7. 2026 సెప్టెంబరులో మొదలయ్యే లీగ్, ఆటగాళ్ల ఉమ్మడి ఒప్పందంలో ఇవి 7, 6కు తగ్గుతాయి.

జీతం ఒకటి, క్యాప్ హిట్ ఒకటి. రెండూ ఎందుకు వేరు?

క్యాప్ హిట్ అంటే మొత్తం డబ్బును ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటు. ఏ ఏడాది ఎంత చేతికి ఇస్తారన్నది వేరే సంగతి. 2025-26లో జట్టు మొత్తం క్యాప్ 9.55 కోట్లు, ఒక్క ఆటగాడికి గరిష్ఠం అందులో 20 శాతం. రయాన్ సూటర్ 2012లో మినెసోటాతో 13 ఏళ్లకు 9.8 కోట్లకు సంతకం చేశాడు. క్యాప్ హిట్ 75 లక్షల పైచిలుకు, చేతికి మొదట్లో ఏడాదికి 1.2 కోట్లు, చివర్లో 10 లక్షలు. ఇలాంటి సాగదీతను అరికట్టడానికే 2013లో ఏళ్లకు పరిమితి వచ్చింది.

గోల్స్ ఆపేవాడికన్నా కొట్టేవాడికే ఎక్కువిస్తారా?

అవును, నిస్సందేహంగా. ఎరిక్ కార్ల్‌సన్ 2019లో ఎనిమిదేళ్లకు ఏడాదికి 1.15 కోట్ల చొప్పున తీసుకున్నది పక్‌ను ముందుకు నడిపే ఆటకు. 2022-23లో 101 పాయింట్లు చేశాడు. ఇటు కరోలైనాలో జాకబ్ స్లేవిన్ ప్రత్యర్థుల మేటి ఫార్వర్డ్‌లను ఆపుతూనే, పెనాల్టీలు దాదాపు లేకుండా ఆడినందుకు 2021, 2024ల్లో లేడీ బింగ్ ట్రోఫీ గెలిచాడు. అతని జీతం కార్ల్‌సన్ దరిదాపుల్లో లేదు. మా అభిప్రాయంలో లీగ్ మార్కెట్‌లో అన్నిటికంటే చవగ్గా దొరికే సరుకు ఇదే.

కాంట్రాక్టులో పెట్టే నో-మూవ్, నో-ట్రేడ్ షరతులు ఒకటేనా?

కాదు. నో-ట్రేడ్ మరో జట్టుకు మార్చేయడాన్ని మాత్రమే ఆపుతుంది. నో-మూవ్ ఉంటే అనుమతి లేకుండా వేవర్స్‌లో పెట్టడం, కిందికి పంపడం కూడా కుదరదు. బైఅవుట్‌ను (మిగిలిన జీతంలో కొంత చెల్లించి కాంట్రాక్టు ముగించడం) రెండూ ఆపలేవు.

## చివరి మలుపులు

ఇంత పెద్ద కాంట్రాక్టు ఉన్నవాణ్ని మరో జట్టు ఎలా తీసుకుంటుంది?

పాత జట్టు కొంత భారం మోస్తుంది. గరిష్ఠం 50 శాతం, ఒక జట్టు ఒకేసారి మూడు కాంట్రాక్టులకు మించి ఇలా మోయకూడదు. 2023 ఆగస్టులో కార్ల్‌సన్ పిట్స్‌బర్గ్ వెళ్లినప్పుడు సాన్ హోసే ఏడాదికి 15 లక్షలు తనమీద ఉంచుకుంది, పిట్స్‌బర్గ్‌కు క్యాప్ హిట్ కోటి అయింది.

బైఅవుట్ చేస్తే క్యాప్ ఖాళీ అయిపోతుందా?

కాంట్రాక్టు ఎలా కట్టారన్నదాన్ని బట్టి. 26 ఏళ్లు నిండినవాడికి మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు, మిగిలిన ఏళ్లకు రెట్టింపు కాలంలో ఇస్తారు. 26 లోపు అయితే మూడో వంతే.

రెండేళ్లు మిగిలి, ఏడాదికి 60 లక్షలు పూర్తిగా జీతమే అనుకోండి. 1.2 కోట్లలో 80 లక్షలను నాలుగేళ్లకు పంచితే ఏటా 20 లక్షల క్యాప్ హిట్. అదే 60 లక్షల్లో 10 లక్షలే జీతం, 50 లక్షలు సంతకం బోనస్ అయితే? బోనస్ పూర్తిగా ఇవ్వాల్సిందే, తగ్గేది జీతం మీదే. మొదటి రెండేళ్లు క్యాప్ హిట్ 53.33 లక్షలు, తర్వాత రెండేళ్లు 3.33 లక్షలు. ఆదా అయింది దాదాపు ఏమీ లేదు. తెలిసిన ఏజెంట్లు జులై 1న పడే బోనస్‌ల కోసం పట్టుబట్టేది ఇందుకే.

మినెసోటా 2021లో సూటర్‌ను, జాక్ పరీజేను ఒకేరోజు బైఅవుట్ చేసి, 2023-24, 2024-25ల్లో ఏటా 1.47 కోట్ల మేర క్యాప్‌ను జట్టులో లేని ఇద్దరి కోసం మోసింది.

బైఅవుట్ అయినవాడి పని అయిపోయినట్టేనా?

కానక్కర్లేదు. వాంకూవర్ 2023లో బైఅవుట్ చేసిన ఆలివర్ ఎక్‌మన్-లార్సన్ ఫ్లోరిడాలో ఏడాదికి 22.5 లక్షలకు చేరి, 2024లో స్టాన్లీ కప్ గెలిచి, ఆ వేసవిలోనే టొరంటోతో నాలుగేళ్లకు సంతకం చేశాడు. మొదటి జోడీ నుంచి దిగి తక్కువ నిమిషాలు ఆడితే పనికొచ్చే అనుభవజ్ఞులు చాలామందే ఉన్నారు. అదీ దొరకనివాళ్లు ట్రైఅవుట్ మీద క్యాంపుకు వస్తారు: జీతం హామీ లేదు, మధ్యలో మరో జట్టు కాంట్రాక్టు ఇస్తే వెళ్లిపోవచ్చు. 35 దాటినవాళ్లకు ఏడాది ఒప్పందాల్లో ప్రతిభ బోనస్‌లు పెట్టే వెసులుబాటు ఉంది కాబట్టి, తక్కువ జీతంతో మొదలై ఆడిన మ్యాచ్‌లను బట్టి పెరిగే కాంట్రాక్టులు ఎక్కువగా ఆ వయసులోనే కనిపిస్తాయి.